బోర్డు మీద నేను రాసిన పట్నం

మా ఎల్లారెడ్డిలో ఒక పాత రైసుమిల్లు ఉంది. మిల్లు ఆగిపోయి చాలా కాలమైంది. కొన్నేళ్ళ కిందట ఒక టీచరమ్మ దాని గోదామును అడిగి తీసుకుంది. కామారెడ్డిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. "బడి బందయింది గానీ చేతులు ఊకుంటలేవు" అంటూ వచ్చి, గోడలకు సున్నం వేయించి, బొమ్మలు, పాటలు, ఆటలు నేర్పే చోటుగా మార్చింది. తలుపు మీద దానికొక మంచి పేరు కూడా రాయించింది. మా వాడకట్టులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందరికీ అది ఇప్పటికీ గోదామే. వానాకాలంలో గోడల నుంచి తవుడు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే నాకు ఆకలీ వేస్తుంది, దండం పెట్టుకోవాలనీ అనిపిస్తుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకొక కాగితం ఇచ్చి నింపమన్నారు. అందులో చదువు అని ఒక గడి ఉంది. నేను బడి మొహం చూడలేదు. మా పుట్టినూరు బీర్కూర్ పక్కన. బడికి పోవాలంటే వాగు దాటాలి. మా బాపు నన్ను వాగు దాటనివ్వలేదు. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, వడ్ల గది తలుపు మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించేవాడు. శనివారాలు ఊళ్ళో పురాణం చదివే మనిషి. ఆ పుస్తకంలో అక్షరాలు ఎలా గుండ్రంగా, పెద్దగా ఉండేవో నాకూ అలాంటివే వచ్చాయి. ఆ గడిలో ఏం రాయాలో తెలియక "ఇంట్లో" అని రాశాను.

టీచరమ్మ చూసి, "చదువు అంటే ఇంట్ల అని రాసినవేంది?" అంది.

"ఇంట్లనే నేర్చుకున్న మేడం. మా బాపు నేర్పిండు."

ఆమె కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. తర్వాత నా చేతిలో సుద్దముక్క పెట్టి, "గేటు కాడి బోర్డు ఇయ్యాల్టి నుంచి నీదే. బడి పిల్లలకు ముప్పై ఏండ్లు చెప్పిన, ఒక్కరికీ గిసొంటి అక్షరం రాలే" అంది. ఆ మాటకు మా బాపు ఉండి ఉంటే బాగుండు అనుకున్నాను. అప్పటి నుంచి వారం వారం గోదాములో ఏం జరుగుతుందో బోర్డు మీద రాయడం నా పని. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ చేత్తోనే వెళ్ళి రాసేదాన్ని. ఎక్కడైనా సేవ సేవే కదా.

ఆ గోదాములో నేను చూసినవి చెబితే ఎవరూ నమ్మరు. ఒక నాటకాలాయన వచ్చి, ఒంటి మీద పంచె ఒక్కటే కట్టుకొని, కుడిచేతిని ముఖం ముందు ఊపి ఏనుగైపోయాడు. మా వాడకట్టు చంటిపిల్ల ఒకతె లేచి వెళ్ళి తన చేతిలోని అరటిపండు ఆయనకు అందించింది. ఆయన దాన్ని చేత్తో కాదు, తొండంతో తీసుకున్నాడు. ఇంకోసారి కుమ్మరాయన సారె తెచ్చి మా చేతులతో మట్టి పట్టించాడు. గిర్రున తిరిగే మట్టి నా వేళ్ళ మధ్య తనంతట తానే లేచి నిలబడితే నాకు ఒళ్ళు ఝల్లుమంది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు బతుకమ్మ పాటలు చెబుతుంటే రికార్డు చేసుకోవడానికి వచ్చినాయన మైకు పట్టుకునే కళ్ళు తుడుచుకున్నాడు. దేవుడు ఇంత కళను ఇంతమంది చేతుల్లో, గొంతుల్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు కదా అని ప్రతిసారీ ఆశ్చర్యపోతూ ఇంటికి వచ్చేదాన్ని.

వచ్చి మా అత్తమ్మకు చెప్పేదాన్ని. ఆమె అరుగు మీద కూర్చొని వినేది. ముఖం నా వైపు ఉండేది కాదు, నా గొంతు వైపు ఉండేది. అది నేను గమనించడానికే చాలా రోజులు పట్టింది.

అత్తమ్మకు చూపు తగ్గుతోందని మొదట అన్నం చెప్పింది. బియ్యం ఏరడంలో మా వాడకట్టులో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె ఏరిన అన్నంలో రాళ్ళు రావడం మొదలైంది. మా ఆయన పంటి కింద రాయి పడితే మాట్లాడకుండా మింగేవాడు. కొన్నాళ్ళకు ఆమే మెడ నొస్తోందని చాట పక్కన పెట్టేసింది. ఊళ్ళో కళ్ళ క్యాంపు పెట్టినప్పుడు బలవంతాన తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ మోతిబిందు, శుక్లాలని డాక్టరు చీటీ రాసిచ్చాడు. తొందరగా ఆపరేషన్ చేయించకపోతే పొర ముదిరి గట్టిపడుతుందనీ, అప్పుడు చేసినా చూపు వస్తుందో రాదో చెప్పలేమనీ అన్నాడు.

అత్తమ్మ ఆ చీటీని మడిచి కొంగున కట్టుకుంది. "నా కండ్ల మీద కత్తి పెట్టనియ్య. మీరు ఎంతమంది అచ్చి చెప్పినా పెట్టనియ్య" అంది. రెండేళ్ళు అదే మాట. బతిమాలితే గొంతు పెంచేది. ఇంకా బతిమాలితే అన్నం మానేసేది. మేమూ అడగడం తగ్గించాం. దేవుడి ముందు కూర్చున్నప్పుడు నేను అడిగేది అదొక్కటే అయింది. స్వామీ, ఆమెకు ఒక్కరోజు ధైర్యం ఇవ్వు, చాలు. ఒక్కరోజు.

కిందటేడు చలికాలంలో టీచరమ్మ ఫోన్ చేసింది. "ఒగ్గు కథ చెప్పే పెద్దమనిషి దొరికిండమ్మా. వచ్చే ఆదివారం వస్తనన్నడు. పట్నం వేస్తడట. దినమంతా పడ్తది, ఆడోల్లను సద్ది తెచ్చుకోమని రాయి" అంది.

నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. మల్లన్న దేవుడి పూజకు నేల మీద అయిదు రంగుల పొడులతో వేసే ముగ్గును మా వైపు పట్నం అంటారు. చిన్నప్పుడు మా పుట్టింట్లో ఒకసారి వేశారు. అప్పుడు నేను జ్వరంతో లోపలి గదిలో ఉన్నాను. డోలు చప్పుడు విన్నానే గానీ పట్నం చూడలేదు. ఇన్నేళ్ళకు చూడబోతున్నానని, బోర్డు తడిగుడ్డతో తుడిచి, నాకు వచ్చినంత అందంగా ఇలా రాశాను:

"ఆదివారం పొద్దున్నే పట్నం. ఆడవాళ్ళందరూ రావచ్చు. సద్ది తెచ్చుకోవాలి."

రాసి, దండం పెట్టుకొని ఇంటికి వచ్చాను. ఆ పదానికి ఇంకో అర్థం ఉందన్న సంగతి నాకు తట్టలేదు. హైదరాబాదును మా ఊళ్ళో హైదరాబాదు అని ఎవరంటారు? పుట్టినప్పటి నుంచి నేనూ పట్నమనే అంటాను. అయినా ఆ రోజు నా తలలో ఉన్నది మల్లన్న ఒక్కడే. పైగా అంతకుముందు ఏడాది టీచరమ్మ ఆడవాళ్ళందరినీ బస్సులో పోచారం చెరువుకు తీసుకెళ్ళి పక్షుల బొమ్మలు వేయించింది. ఆ సద్ది ముచ్చట్లు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

ఆదివారం తెల్లవారగానే నేను గోదాముకు వెళ్ళి నేల కడిగాను. ఒగ్గు పెద్దాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. తెల్లటి తలపాగా, సన్నటి మనిషి, వేళ్ళు మాత్రం పొడుగ్గా ఉన్నాయి. వెంట డోలు కొట్టే ఒకాయన. అయిదు గిన్నెల్లో పొడులు పెట్టుకున్నాడు. తెలుపుకు బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చకు ఎండిన ఆకుల పొడి, నలుపుకు కాల్చిన ఊక. ఆ ఊక మా మిల్లు వెనక కుప్పలోనిదే. నేను దండం పెడితే, "నేల మంచిగ కడిగినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాటకే నాకు కడుపు నిండింది.

అంతలో గేటు దగ్గర గాజుల చప్పుడైంది. చూస్తే మా వాడకట్టు ఆడవాళ్ళు, ఏడెనిమిది మంది. అందరూ పట్టుచీరలే. అందరి చేతుల్లో సంచులు. ముందు మా మూలింటి వదిన. ఆమె తల నిండా పూలు.

"వదినా, బస్సేది?" అంది.

"ఏ బస్సు?"

"ఏ బస్సేందే? పట్నం బస్సు."

నేను నవ్వాను. నవ్వుతూనే ఆగిపోయాను. ఆమె సంచి చూశాను, పూలు చూశాను, బోర్డు చూశాను.

"పట్నం... ఇక్కడనే వేస్తరు గద వదినా" అని పెద్దాయన గిన్నెలు చూపించాను.

వదిన ఆ గిన్నెల వైపు, నా వైపు రెండుసార్లు చూసింది. "గీ పట్నమా! ఓ నీ పాడుగాను! చార్మినార్ కాడ గాజులు కొనాలె అని మా ఆయనకు రెండు పూటల కూర వండిపెట్టి వచ్చిన. ఇప్పుడు మల్ల ఇంటికి పోతె నవ్వుతడు!"

"సద్ది తెచ్చుకోవాలె అని రాసింది గదనే" అంది ఇంకొకామె. "ముగ్గు చూసెటందుకు సద్ది ఎందుకు? నేను పులిహోర జేసిన, చింతపండు మొత్తం ఒడిసింది."

"అక్షరాలు ముత్యాలేనమ్మా, మతలబే తిరకాసు" అంది వదిన. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు వాళ్ళ వెనక నిలబడ్డ మనిషి కనిపించింది.

మా అత్తమ్మ.

పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆమె ఇంకా ముసుగేసుకొని పడుకునే ఉంది. ఇప్పుడు తలస్నానం చేసి, పెళ్ళిళ్ళకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకొని, గుండెలకు ఒక సంచి హత్తుకొని నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి సంచి తీసుకున్నాను. లోపల రెండు చీరలు, తువ్వాల, వేపపుల్లలు, చిన్న దేవుడి పటం. అన్నిటి మీద, మడతల దగ్గర చిరిగిపోవచ్చిన కళ్ళ క్యాంపు చీటీ.

"అత్తమ్మా, ఇదేంది?"

ఆమె నా గొంతు వైపు తిరిగింది. "పట్నం పోతున్నరని మూలింటి పిల్ల బోర్డు సదివి చెప్పింది. పట్నంల పెద్ద దవాఖానలున్నయంటరు గద. అందరితోని పోయి కండ్లు జేపించుకుందామని వచ్చిన."

"నాకు ఒక్క మాట చెప్పద్దా?"

"చెప్తె ఇంట్లనే ఆగిపోతుంటి. బస్సెక్కినంక చెప్దామనుకున్న. ఎక్కినంక దిగుడుండదు గద."

రెండేళ్ళుగా నేను అడిగిన ఆ ఒక్క రోజు ఇదే. దేవుడు ఇచ్చాడు. బస్సు లేదని నేనే చెప్పాల్సి వచ్చింది.

"రేపు పోదాం అత్తమ్మా. నేనే తీసుకపోత. ఇద్దరమే పోదాం."

ఆమె తల అడ్డంగా ఊపింది. "రేపటికి నాకు గీ ధైర్యముండది పిల్లా. నా సంగతి నాకు తెల్వదా? రాత్రంత కూడగట్టుకున్న. ఇయ్యాలైతె ఉండె, ఇగ ఇంటికి పోతె అయిపోతది."

సంచి నా చేతిలోంచి తీసుకొని గోడ వారగా కూర్చుంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని అడగడం ఒక్కటే మిగిలింది. టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఫోన్ల నేనన్న విడమర్చి చెప్పి ఉంటె బాగుండు" అంది. నాకు మా బాపు, ఆ తలుపు, సుద్దముక్క గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళు ఆ అక్షరాలను చూసుకొని మురిసినందుకు సిగ్గేసింది.

పెద్దాయన ఇదంతా విన్నాడు. చిన్న డమరుకం లాంటి ఒగ్గు తీసి రెండుసార్లు మోగించాడు. "బస్సెటూ లేదు. కూసోండ్రమ్మా. గీ పట్నం చూసి పోండ్రి, మల్ల దొరకది" అన్నాడు. ఆడవాళ్ళు గొణుక్కుంటూ సంచుల మీదనే కూర్చున్నారు.

మొదట నేలంతా పసుపు చల్లాడు. తర్వాత పిడికిట్లోకి బియ్యప్పిండి తీసుకున్నాడు. చూపుడు వేలూ బొటన వేలూ కలిపి నడుము వంచి వెనక్కి నడుస్తుంటే, ఆ రెండు వేళ్ళ మధ్య నుంచి తెల్లటి గీత దారంలా జారింది. ఒక్కచోట లావు కాలేదు, ఒక్కచోట తెగలేదు. తాడు లేదు, కొలత లేదు. నాలుగు మూలలూ కలిసేటప్పటికి ఆడవాళ్ళ గొణుగుడు ఆగిపోయింది. నేను ఊపిరి తీసుకోవడం మరిచిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకొని తీసుకున్నాను.

"ఇది దేవుడు కూసుండె ఊరు. అందుకె పట్నం" అన్నాడు గీత ఆపకుండానే. "ఊరికి నాలుగు దర్వాజలు. తూర్పుకొకటి, పడమటికొకటి, గిట్ల."

మూలింటి వదిన నోరు ఎంతసేపని ఊరుకుంటుంది? "తాతా, గీ పట్నంల చార్మినారేది?"

"నాలుగు దర్వాజలకు నాలుగు కంబాలు పెడ్త. గవే అనుకో."

"గాజుల దుకాణం?"

"నువ్వే కూసో బిడ్డా దర్వాజ కాడ, ఎవరన్న అచ్చి కొంటరు."

గోదామంతా నవ్వింది. డోలాయన కూడా నవ్వి దెబ్బ తప్పాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మెడ ముందుకు సాచి నేల వైపు చూస్తోంది. అందరూ "అబ్బా" అన్నప్పుడల్లా ఇంకొంచెం ముందుకు సాచుతోంది.

ఎర్రటి పూలు, నల్లటి అంచులు, ఆకుపచ్చటి దళాలు ఒకదాని పక్కన ఒకటి విచ్చుకున్నాయి. చీకటి గోదాములో కిటికీ వెలుగు పడ్డ మేర నేల మండుతున్నట్టుంది. ఇంత అందాన్ని ఒక మనిషి వేళ్ళ చివర్ల నుంచి రాలుస్తుంటే చూడనిచ్చినందుకు లోపల్లోపల దండం పెట్టుకుంటూనే ఉన్నాను. అత్తమ్మ సంగతి ఒక్క క్షణం మరిచిపోయాను కూడా. అది దాచి లాభం లేదు.

ఆ క్షణంలోనే ఆమె లేచింది. దగ్గరికి పోయి చూద్దామనుకుంది. పసుపు చల్లిన నేల, దాని మీద తెల్లటి గీతలు. నాకు అవి రెండూ వేరు. ఆమె కళ్ళకు రెండూ ఒకటే, ఉత్త నేల. ఎర్రటి పూలు మాత్రం ఎక్కడో దూరంగా కనపడి ఉంటాయి. "పసుపు ఏడేసిండు పిల్లా?" అని అడుగుతూ, పాదం సరిగ్గా తూర్పు దర్వాజ పక్కన గీత మీద వేసింది.

ఎవరో "అవ్వా!" అని అరిచారు. డోలు ఆగిపోయింది.

పూజ కాకముందు పట్నం తొక్కకూడదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. అత్తమ్మకు అందరికన్నా ఎక్కువ తెలుసు. "నేను తొక్కిన్నా? దేవుని మీద కాలు పెట్టిన్నా? నాకు కనవడలే బిడ్డా, నాకు కనవడలే" అంది. రెండేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

నేను పరుగెత్తి ఆమెను వెనక్కి లాగబోయాను.

"లాగకు" అన్నాడు పెద్దాయన. "చెల్లే, కాలు తియ్యకు. ఉన్నకాడ ఉండు."

ఆయన వచ్చి ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పిడికిట్లో పిండి తీసుకొని ఆమె పాదం చుట్టూ, మడమ నుంచి వేళ్ళ వరకు, తెల్లటి గీత గీశాడు. రెండో పాదం కూడా లోపలికి పెట్టమని, దాని చుట్టూ కూడా గీశాడు. ఆ పాదాల పక్కన పిండితోనే స్తంభంలా ఒక కంబం గీశాడు. మిగతా నాలుగింటికి లాగే పైన ఎర్రటి బొట్టు పెట్టాడు.

"నాలుగు దర్వాజలుండె. ఇప్పుడు అయిదైనయ్" అన్నాడు. "కాని ఒక్క మాట. పట్నంల అడుగు పెట్టినోల్లు ఎనకకు రావద్దు. ఎదురు దర్వాజ నుంచి ఎల్లాలె. పూజ అయ్యెదాక గిట్లనే నిలబడ్తవా?"

"నిలబడ్త అన్నా" అంది అత్తమ్మ.

ఆమె నిలబడింది. ఆయన మిగిలిన పట్నమంతా ఆమె చుట్టూ వేశాడు. దీపం పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, ఒగ్గు వాయిస్తూ కథ పాడాడు. అంతసేపూ ఆ ముసలి మనిషి, పది నిమిషాలు నిలబడితే మోకాళ్ళు నొస్తున్నాయనే మనిషి, రంగుల మధ్య చేతులు జోడించి కదలకుండా నిలబడింది. ఆకుపచ్చ చీరలో ఆమె కూడా ఆ పట్నంలో వేసిన బొమ్మలాగే ఉంది. నేను చాలా గుళ్ళకు వెళ్ళాను. అలాంటి దర్శనం మాత్రం ఇంకెక్కడా కాలేదు.

హారతి అయ్యాక పెద్దాయన డోలాయనను పడమటి దర్వాజ దగ్గరికి పంపాడు. "చూసుడు అక్కరలేదు చెల్లే. డోలు సప్పుడు దిక్కు నడువు."

ఆమె నడిచింది. పూలు, దళాలు, అంచులు ఆమె పాదాల కింద కలిసిపోతూ వచ్చాయి. పట్నం తొక్కితేనే పూజ పూర్తయినట్టట. టీచరమ్మ మెల్లగా "ఒక్కదినం ఉంచితె బాగుండు" అంది నాతో. పెద్దాయన విని, "దేవుడు పోయినంక ఊరెందుకమ్మా" అన్నాడు. అత్తమ్మ డోలు దాకా వెళ్ళి, చెయ్యి చాపి దాన్ని తాకి ఆగింది. పాదాలు మడమల దాకా ఎర్రగా, పచ్చగా ఉన్నాయి.

అక్కడే నిలబడి, మా అందరి గొంతుల వైపు తిరిగి, "ఇగ నేను ఎనకకు పోను. నన్ను ఇంటికి తోల్కపోకుండ్రి" అంది.

హైదరాబాదు పోవడానికి అప్పటికే పొద్దు పోయింది. అప్పుడు మూలింటి వదిన ఎగిరి లేచింది. "వదినా! ఇయ్యాల ఆదివారం గాదే? కామారెడ్డి కండ్ల దవాఖానకు ఆదివారం పట్నం డాక్టరు వస్తడు, మంగళారం దాక ఆడనే ఉంటడు. మా అన్నకు ఆయననే చేసిండు. మనం పట్నం పోకపోతేంది, పట్నమే కామారెడ్డికి వచ్చింది!"

"మా ఇల్లు ఆ దవాఖాన ఎనకనే" అంది టీచరమ్మ. "ఆపరేషన్ అయ్యెదాక అత్తాకోడండ్లు మా ఇంట్లనే ఉండండ్రి. ఇంటికి పోయే పనే లేదు."

పట్టుచీరలు కట్టుకున్న వాళ్ళెవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. అందరం కలిసి బస్టాండుకు నడిచాం. అత్తమ్మ పాదాలు కడుగుతానంటే పెద్దాయన వద్దన్నాడు. ఆర్టీసీ బస్సులో కండక్టరు మా పూలూ సంచులూ చూసి, "ఎవరి పెండ్లమ్మా?" అని అడిగాడు.

"మా అవ్వ కండ్లది" అంది వదిన.

దవాఖాన వరండాలో అందరం వరసగా కూర్చొని పులిహోర తిన్నాం. నర్సు పేషెంటు ఎవరని అడిగితే ఎనిమిది చేతులు అత్తమ్మ వైపు చూపించాయి. డాక్టరు లైటు వేసి చూసి, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే తన చేతిలో కూడా ఉండేది కాదన్నాడు. పరీక్షలన్నీ చేసి మంగళవారం ఒక కన్నుకు ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకుపోయేటప్పుడు అత్తమ్మ చెయ్యి మంచులా ఉంది. అయినా వెనక్కి తిరగలేదు.

మర్నాడు కట్టు విప్పారు. నేను ఎదురుగా నిలబడ్డాను. లోపల జపం చేసుకుంటున్నాను. ఆమె కన్ను చికిలించి, తెరిచి, నన్ను చూసింది. నా గొంతును కాదు, నన్ను. చాలాసేపు చూసింది.

"ఏందే, తలల గిన్ని తెల్లవెంట్రుకలొచ్చినయ్ నీకు?" అంది.

నేను ఏడుస్తూ నవ్వాను. నర్సు ఆమెను ఏడిపించొద్దని నన్ను బయటకు పంపింది.

రెండో కన్ను కూడా అయ్యాక, ఒక పొద్దున అత్తమ్మ నా వెంట గోదాముకు వచ్చింది. నేలను ఎన్నిసార్లు కడిగినా సిమెంటు సందుల్లో ఇంకా పసుపు ఉంది. ఆమె కూర్చొని, వేలితో ఆ సందులో రుద్ది, వేలు వెలుగులో పెట్టుకొని చూసింది. "పసుపు ఇంత పచ్చగుంటదా బిడ్డా? నేను మరిచేపోయిన" అంది. తను ఎక్కడ కాలు పెట్టిందో చూపించమంది. చూపించాను. అక్కడ ఏమీ లేదు. ఉత్త నేల. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ రోజే నేను బోర్డు రాయాలి. పెద్దాయన మళ్ళీ వస్తానన్నాడు. సుద్దముక్క పట్టుకున్నాక నా చెయ్యి ఆగిపోయింది. ఈసారి తప్పు పోకూడదు. పట్నం అన్న మాట పక్కన "అంటే ముగ్గు" అని రాయమంది టీచరమ్మ కూడా. సరేనని చెయ్యి ఎత్తాను. అత్తమ్మకు చదవడం రాదు. ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను.

ఆమె నా చేతిలోని సుద్దముక్క పట్టుకొని ఆపింది.

"వద్దు పిల్లా. పోయినసారి ఎట్ల రాసినవో అట్లనే రాయి. సద్ది సుత రాయి. ఎవరింట్ల ఏ సంచి కట్టి ఉన్నదో."